గాలి లేని రోజు

అన్నయ్యకు,

తమ్ముడు దాల్‌సు నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. బూసాన్‌లో నువ్వూ వదినా పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. పంపిన ఎండుచేపలు అందాయి. మా ఆవిడ సగం పుట్టింటికి దాటించి, అడిగితే పిల్లి మీద పెట్టింది.

నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ ఉండే దీవికి వంతెన పడింది, ఇక పడవ అక్కర్లేదు. అమ్మ జబ్బు ఏనాడో నయమైంది, పోయిన వేళ్ళే తిరిగి రాలేదు. ఈమధ్య చూపు బాగా మసకబారింది. ఇక, "అమ్మ చచ్చిపోయిందని చెప్పి పెళ్ళి చేసుకున్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని రాను?" అని రాశావు. దానికే ఈ ఉత్తరం.

మొన్న వెళ్ళేసరికి దీవంతా పొగమంచు. సముద్రం చప్పుడు ఉంది, సముద్రం లేదు. పైన్ చెట్ల మధ్య మన పాత దారి మీదే నిలబడ్డాను. గుర్తుందిగా, నెలకోసారి పిల్లలం ఒక పక్క, కుష్ఠు సోకిన అమ్మానాన్నలు ఎదుటి పక్క. జబ్బు మనకు అంటకుండా, గాలి మన వీపు మీంచి వాళ్ళ మీదికే వీయాలి. ముట్టుకోకూడదు. ఆ కట్టడి పోయి ఏళ్ళు గడిచినా అమ్మ మానలేదు. నేనెప్పుడెళ్ళినా తలగుడ్డ కొస పైకెత్తి గాలి చూసుకుని, "అటు జరుగు, ఇంకా అటు" అంటూ దూరంగానే ఉంటుంది. "తగ్గిపోయింది కదే అమ్మా" అంటే, "నీకేం తెలుసురా, నోర్ముయ్!" అంటుంది.

ఆ రోజు తలగుడ్డ కదల్లేదు. ఆకు కూడా కదల్లేదు. ఏ పక్కన నిలబడాలో తెలియక పాపం అమ్మ దారి మధ్యలో ఆగిపోయింది. "అమ్మా" అన్నాను. జలుబుతో నా గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎవరూ? మాన్‌సొకా?" అంది.

అమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది. చేతులకు స్పర్శ లేదు కదా, తన చెంప నా చెంపకు ఆనించింది. వెచ్చగా ఉంది. ఆ తెల్లటి మంచులో మేమిద్దరమే ఉన్నట్టు, మిగతా లోకం ఇంకా పుట్టనట్టు అనిపించింది.

"పెద్దోడా, వచ్చావురా! ఎంత చిక్కిపోయావు! ఆ చిన్నవెధవ నెలనెలా వచ్చి నా ముల్లంగి కిమ్చీ ఊడ్చుకుపోతాడు గానీ, నిన్ను తీసుకురారా అంటే నీళ్ళు నములుతాడు."

అన్నయ్యా, ఇప్పుడు చెప్తున్నాను, కోప్పడకు. "అవునమ్మా, నేనే మాన్‌సొక్‌ని" అనేశాను. నాకు బుద్ధి తెలిశాక అమ్మ నన్ను తాకింది ఆ ఒక్కసారే, అదీ నీ పేరు మీద. నీ మీద కుళ్ళుకున్నాను. ఏడ్చేశాను కూడా. "ఇంత వయసొచ్చి ఏడుపేంట్రా, సిగ్గులేదూ?" అని తిట్టి, "మళ్ళీ ఎప్పుడొస్తావ్?" అంది. ఆకులు ఎర్రబడేసరికి వస్తానన్నాను. నీకోసం కొత్త జాడీలో కిమ్చీ పెడుతుందట, చిన్నోడి కంట పడనివ్వదట.

మొదటిసారి ఎలా వెళ్ళాలనే కదా నీ బెంగ? ఆ మొదటిసారి నీ బదులు నేను వెళ్ళొచ్చేశాను. నువ్వు రెండోసారి వెళ్ళు, చాలు.

ఇట్లు,
నీ పేరు ఒక్కపూట వాడుకున్న తమ్ముడు,
దాల్‌సు