గీత పడని నలుపు

2024 ఫిబ్రవరి 12, సోమవారం

ఈ రోజు కొత్త కారు ఒకటి వచ్చింది. కొని నెల కూడా కాలే. గేరు చుట్టూ నల్లగా అద్దం మాదిరి మెరిసే ప్లాస్టిక్ మొత్తం గీతలే. ఓనరు గుడ్డ పెట్టి తుడిచినాడంట, అంతే. తుడిస్తేనే గీతలు పడేదాన్ని ఎవరు కనిపెట్టినారో గానీ వాళ్ల పుణ్యాన్నే మా షాపు నడుస్తాండాది.

ముందర సీటు కవర్లు, మ్యాట్లు మా ఆయన మునిశేఖర్ చూసుకుంటాడు. వెనక రేకుల షెడ్డులో ఇట్లాంటి ప్లాస్టిక్ ప్యానెళ్లకు పెయింట్ కొట్టేది నేను. ఊడదీసి తెచ్చిస్తే కడిగి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, నలుపు కొట్టి, పైన మెరుపుకు క్లియర్ కొడతా. పాత పెయింటర్ బెంగళూరికి పోయినప్పుడు, రెండ్రోజులు చూసుకో మే అని మునిశేఖర్ స్ప్రే గన్ను నా చేతికిచ్చినాడు. మళ్లీ తీసుకోలే. నేనూ ఇయ్యలే. పెండ్లయినాక నాది అని చెప్పుకునే పని ఇదొకటే.

జయంతి మాదిరి నున్నగా తిరుపతిలో ఎవురూ కొట్టరు అని ట్రావెల్స్ యోగానంద అన్నాడంట. మునిశేఖర్ ఆ మాట అన్నం తింటా, పులుసులో ఉప్పు తక్కువైందని చెప్పినట్ల చెప్పినాడు. అయినా సంతోషమే.

ఫిబ్రవరి 26, సోమవారం

యోగానంద కార్ల ప్యానెళ్లు మళ్లీ వచ్చినాయి. కాణిపాకం పొయ్యేటోళ్లు, కొండకు పొయ్యేటోళ్లు తాళాలు, ఫోన్లు, టెంకాయల సంచి అన్నీ గేరు పక్కనే పడేస్తారు. మేం కొట్టే క్లియర్‌కు గోరు తగిలినా గీత పడతాది. ఇట్లయితే వేరే షాపు చూసుకుంటానని యోగానంద చెప్పేసినాడు.

మునిశేఖర్ చెన్నై నుంచి కొత్త రకం తెప్పించినాడు. క్లియర్ ఒక డబ్బా, హార్డెనర్ అని ఇంకో చిన్న డబ్బా. కలిపి కొడితే రాయి మాదిరి అవుతాదంట.

మార్చి 4, సోమవారం

సూపర్. ఆరినాక బండి బీగంచెవితో గీకి చూసినా. ఏమీ కాలే. మునిశేఖర్ ఇంకా గట్టిగా గీకి, నా మొకం చూసి నవ్వినాడు. చానా రోజులైంది ఆయన అట్ల నవ్వి.

మార్చి 21, గురువారం

దగ్గు. దుమ్మేమో.

ఏప్రిల్ 3, బుధవారం

దుమ్ము కాదు. దుమ్ము రాకూడదనే కదా షెడ్డు తలుపు మూసి కొట్టేది. తెరిస్తే రేణిగుంట రోడ్డు లారీల దుమ్మంతా వచ్చి తడి పెయింట్ మీద కూర్చుంటాది. ఒక రేణువు పడినా మళ్లీ మొదట్నుంచి రుద్దుకోవాల.

ఆదివారం షాపు లేకపోతే దగ్గు లేదు. సోమవారం మళ్లీ మొదలు. ఎద మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్ల ఉండాది. ఊపిరి వదిలితే లోపల పిల్లంగోవి మోగినట్ల శబ్దం. మునిశేఖర్‌కు చెప్పినా. మాస్కు పెట్టుకోమన్నాడు. కరోనా అప్పటి గుడ్డ మాస్కులు బీరువాలో ఉంటే పెట్టుకున్నా.

ఏప్రిల్ 19, శుక్రవారం

నిన్న షెడ్డులో పడిపోయినానంట. నాకు తెలిసింది ఇంతే: గన్ను చేతిలో ఉండాది, గాలి లోపలికి పోతా లేదు, తలుపు గడియ దొరకలే. మునిశేఖర్ తలుపు తన్ని తీసి, ఎత్తుకోని ఆటోలో ఆసుపత్రికి తీసకపొయినాడు. దావంతా నా పేరే పిలస్తా ఉన్నాడని ఆటో డ్రైవరు చెప్పినాడు. ఇది కూడా రాసి పెట్టుకోవాల. ఆయన చెడ్డోడు కాదు.

డాక్టరమ్మ గొట్టంలో ఊదమనింది. ఏం పని చేస్తావని అడిగింది. హార్డెనర్ డబ్బా ఫోటో ఫోన్లో చూపిస్తే, తల పైకెత్తి మునిశేఖర్ వైపు చూసింది. ఇది ఆస్తమా, తెచ్చింది ఈ హార్డెనరే అనింది. అందరికీ రాదు, ఒకసారి పట్టుకుంటే మాత్రం కొంచెం తగిలినా మళ్లీ వస్తాది, ప్రాణమూ పోవచ్చు. గుడ్డ మాస్కు దీన్ని ఆపదు, బయట గాలి పైపుతో లోపలికొచ్చే మాస్కు కావాల. నువ్వు మాత్రం ఆ గన్ను మళ్లీ ముట్టుకోవద్దు అనింది.

బయటికొచ్చినాక మునిశేఖర్ అన్నాడు, డాక్టర్లు అట్లనే బెదిరిస్తారు. కానీ నన్ను ఇంక కొట్టమని అడగలే.

మే 2, గురువారం

నా బదులు ఒకామె వచ్చింది. పేరు గ్రేసీ. చర్చి వెనక కాలనీ. మొగుడు పోయినాడు. కూతురు, అత్త ఈమె మీదే. నాకంటే చిన్నది. చెయ్యి తేలిక, గన్ను పట్టుకోవడం చూస్తేనే తెలిసిపోయింది.

పైపు మాస్కు తెప్పిద్దామని మునిశేఖర్‌ను అడిగినా. తర్వాత చూద్దామన్నాడు. ఆమెకు ఆసుపత్రి సంగతి చెప్పొద్దన్నాడు. చెప్తే పొద్దునకల్లా ఈడ ఉండదంట.

పెయింట్ కలిపి ఇచ్చేది నేనే. షెడ్డు బయట, ముక్కుకు చీర కొంగు చుట్టుకోని.

మే 6, సోమవారం

చెప్పేసినా. అన్నీ చెప్పినా. పడిపోయింది, డాక్టరమ్మ అనింది, అన్నీ.

గ్రేసీ చేతులు తుడుచుకుంటా వినింది. అక్కా, నీకు వచ్చేదానికి ఎన్నాళ్లు పట్టింది అని అడిగింది. నెల కూడా పట్టలే, ఒకరికి తొందరగా రావచ్చు, ఒకరికి రాకనే పోవచ్చు అన్నా.

అయితే వచ్చేదాకా చేస్తానక్కా అనింది. లోపలికి పోయి తలుపు మూసుకునింది.

మే 9, గురువారం

చేసినా. పాత క్లియర్ డబ్బాలు మూల ఉండినాయి. ఆ క్లియర్‌ను కొత్త డబ్బాలో పోసి గ్రేసీకి ఇచ్చినా. హార్డెనర్ కలపలే. తడిగా ఉన్నప్పుడు రెండూ ఒకటే మెరుపు. ఆమెకు తెలీదు. ఆయన చూడలే.

మే 14, మంగళవారం

రోజూ అదే ఇస్తాండా. గ్రేసీ దగ్గితే చెవులు నిక్కపొడుచుకుంటాయి. ఈ రోజు ఒకసారి దగ్గింది. నీళ్లు తాగతా పొరబోయిందంట.

జూన్ 5, బుధవారం

యోగానంద వచ్చినాడు. ప్యానెళ్లు తెచ్చి కౌంటరు మీద పడేసినాడు. అన్నీ గీతలే. నమ్మి కార్లన్నీ మీకే ఇస్తిని కదప్పా అని రోడ్డు దాకా వినబడేట్ల అరిచినాడు. ఇంక రాడు. ఆయన పోయినాక ఇంకో ఇద్దరు ఫోన్ చేసినారు, అదే కథ.

మునిశేఖర్ గ్రేసీని పిలిచి, నీకు కొట్టేది రాదు అన్నాడు. నేను సరిగ్గానే కొట్టినానన్నా అని ఆమె ఒకటికి రెండుసార్లు చెప్పింది. వినలే. రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె నా వైపు చూసింది, కలిపింది అక్క కదా అన్నట్ల. సంచి తీసుకోని పోయింది.

నేను ఆడనే నిలబడి ఉండా. ఆమె పోయినాక గీతలు పడిన ప్యానెళ్లు ఏరి లోపల పెట్టినా.

జూన్ 6, గురువారం

పొద్దున్నే మునిశేఖర్‌కు చెప్పినా. గ్రేసీ తప్పు లేదు, నేనే పాత క్లియర్ పోసినానని.

కాఫీ లోటా కింద పెట్టినాడు. ఆ షాపు నీది కూడా కదా మే అన్నాడు. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆ పిల్లకు ఏమన్నా అయ్యుంటే అన్నా. అయ్యుంటే చూసుకునేవాళ్లం కదా అన్నాడు. నన్ను చూసుకున్నట్లా అని అడిగినా. లేచి పోయినాడు.

జూన్ 9, ఆదివారం

చర్చిలో ప్రార్థన అయినాక గ్రేసీ ఇంటికి పోయినా. అత్త మంచం వాల్చింది. కూతురు నీళ్లు తెచ్చింది. జరిగింది చెప్పినా. నీ ప్రాణం కోసమే చేసినా అన్నా. ఆయనతో మాట్లాడినా, మళ్లీ పనికి రా, ప్యానెళ్లు రుద్దే పని చెయ్యి, కొట్టే పని వద్దు అన్నా. నిజానికి ఆయనతో మాట్లాడలే. మాట్లాడాలనుకున్నా.

గ్రేసీ గొంతు పెంచలే. నా ఊపిరి సంగతి నన్ను అడిగుండొచ్చు కదక్కా అనింది. పని చేతకాదని పది మంది ముందర అనిపించినావు, ఆ మాట ఇప్పుడు ఊరంతా తిరగతా ఉండాది, యాడికి పోయినా మునిశేఖర్ షాపులో తీసేసినారంట కదా అంటాండారు అనింది.

నీళ్లు తాగకుండానే వచ్చేసినా.

జూన్ 20, గురువారం

మునిశేఖరే కొడతాండాడు. హార్డెనర్ కలిపి, తలుపు మూసి, మాస్కు లేకుండా. నేను చూడాలనే. బయటికొచ్చి ఎద నిండా గాలి పీల్చి, సూడు, నాకేమయింది అన్నాడు.

ఏమీ కాలే. పది రోజులుగా ఏమీ కాలే. డాక్టరమ్మ చెప్పింది నిజమే, అందరికీ రాదు. కానీ ఆయనకు అది నేను చెప్పింది అబద్ధమని రుజువు.

ఒక దగ్గు దగ్గితే బాగుండు అనుకున్నా. మొగుడి గురించి అట్ల అనుకున్నా. ఆయన చొక్కా ఉతకబోతే ఆ వాసనకే నాకు ఊపిరి ఆడలే. ఇన్హేలరు రెండుసార్లు పీల్చి, గడప మీద కూర్చున్నా. ఆయన చూసినాడు. ఆ చొక్కా తీసకపోయి తనే ఉతుక్కున్నాడు.

జులై 1, సోమవారం

చిత్తూరులో మా అక్క దగ్గరికి వచ్చేసినా. ఆయనే బస్సు ఎక్కించినాడు. ఎప్పుడొస్తావని అడగలే.

జులై 8, సోమవారం

గ్రేసీ అత్తకు ఫోన్ చేసినా. గ్రేసీకి పని దొరికిందంట. నాయుడుపేట దగ్గర కార్ల ప్లాస్టిక్ సామాన్లు చేసే ఫ్యాక్టరీ. ఏ సెక్షన్ అని అడిగినా. పెయింటింగ్ అంట. చెయ్యి బాగుండాదని చూడంగానే తీసుకున్నారంట. ముసలామె గొంతులో ఎంత సంతోషమో.

మాస్కు ఏం రకం ఇస్తారో ఆమెకు తెలీదు.

జులై 9

గ్రేసీకి ఫోన్ చేసినా. ఎత్తలే. మళ్లీ చేసినా.