సగం సైజు బొమ్మలో నీ బతుకమ్మ పాట

శీను వాళ్లమ్మకు,

నువ్వు పోయావని పోయినేడు మనింట్లో పండుగ చేయలేదు. రేపు సద్దుల బతుకమ్మ. నీ పాట మన చిలకలగూడ గల్లీలో ఎవరికీ చివరిదాకా రాదు. నువ్వు ఆడిన ఆఖరి బతుకమ్మను శీను వీడియో తీశాడు కదా, అది చూసి నేర్చుకుంటామని ఆడవాళ్లు అడిగారు.

కోడలు సునీత తన ఆఫీసు కంప్యూటర్‌లో దాన్ని తయారు చేస్తూ, బొమ్మ సైజు ఎంత పెట్టాలని అడిగింది. నీ బొమ్మ కదా, అన్నిటికన్నా పెద్దది పెట్టమన్నాను. తీరా ఇంట్లోని పాత కంప్యూటర్‌లో వేస్తే పాట ముందుకు పోయింది, నీ చేతులు పైనే ఆగిపోయాయి. కాసేపటికి పాటా నిలిచిపోయింది.

"గిట్లయితే మేమెట్ల నేర్చుకుంటం కాకా?" అని పక్కింటి అనసూయ తల పట్టుకుంది.

"గింత బరువు మోసే తాకత్ దీనికి లేదు మామయ్యా. సైజు సగం చేస్తా," అంది సునీత.

నిన్ను సగం చేయడానికి నాకు మనసొప్పలేదు. "మొహం కనబడతదా?" అన్నాను.

"జెర మసకగుంటది. కానీ అత్తమ్మ ఆగకుండ ఆడుతది."

సరేనన్నాను. ఈరోజు మళ్లీ వేశాం. నేను ఆడవాళ్ల వెనక గోడకు ఆనుకుని చూస్తున్నాను. నీ ముక్కుపుడక కనబడలేదు గానీ, చప్పట్లు పాటతో కలిసే పడ్డాయి. అందరూ నీతో గొంతు కలిపారు. పాట మధ్యలో నువ్వు, వీడియో తీసిన రోజు అరిచినట్టే, నా వైపు చూసి అరిచావు: "ఏందయ్యా, గోడకు అతుక్కున్నవ్? జెర ముందుకు రా!"

ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి నన్ను చూసి ఒకటే నవ్వు. నేను గోడ వదిలి ముందుకొచ్చి కూర్చున్నాను.