అమ్మాయికి కొవ్వెక్కువైందట!

అన్నయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. పాప మెడ నిలబెడుతోంది. పాప ఏడిస్తే మీ అల్లుడు ఎప్పటిలాగే నాకేసి చూస్తాడు.

అసలు సంగతి ఏమిటంటే, నెలలు నిండేటప్పుడు అమ్మాయికి బీపీ పెరిగి మనందరినీ హడలెత్తించిందిగా, అందుకని డాక్టరమ్మ ఇంకా పిలిపిస్తూనే ఉంది. మొన్న తీసుకెళితే మొహమాటం లేకుండా అనేసింది: "నీకు కొవ్వెక్కువైంది. నడక బాగాలేదు. ఇప్పుడే అదుపులో పెట్టకపోతే రేపు గుండెల మీదికొస్తుంది." అమ్మాయి తల దించుకుంది. నాకు ముందే తెలుసు. నేను కుట్టిన జాకెట్లకు లోపల వదిలిన గుడ్డంతా విప్పేశాను, ఇంక విప్పడానికేమీ మిగల్లేదు.

మీరు పెద్దవారు, ఒక మాట రాస్తే వింటుంది.

ఇట్లు,
మీ చెల్లెలివంటి వియ్యపురాలు

తా.క. మీరు పంపిన వెన్న డబ్బా అందింది.

*

చెల్లెమ్మగారికి మేలు కలుగుగాక!

మీ ఉత్తరం షాపులో సైకిలు చక్రం బిగిస్తూ చదివాను. స్పానరు జారి కాలిమీద పడింది. నొప్పి తెలియలేదు. నా కూతురికి కొవ్వా!

నాకు గురువు లేడు, బడి లేదు. పంక్చర్లు వేస్తూ, అక్షరం అక్షరం కూడబలుక్కుని పరిశుద్ధ గ్రంథం చదివి బోధకుణ్ణయినవాణ్ణి. అందులో కొవ్వెక్కిన రాజులున్నారు, కొవ్వెక్కిన జనాలున్నారు. ఒక్కడైనా బాగుపడ్డాడా? బిడ్డ పుట్టగానే దీనికి కళ్ళు నెత్తికెక్కాయన్నమాట! మీకు ఎదురు చెప్పిందా? అల్లుడుగారిని ఏమైనా అందా? పైగా నడక బాగాలేదట. ఆ మాట రాయడానికి మీరెంత నలిగిపోయారో నాకు తెలుసు. జాకెట్ల సంగతి ఆడవాళ్ళ మాట, అది వదిలేసి చదివాను.

నా మొహం చూసి జాలిపడకండి. కరిగించండి! కరిగేదాకా వదలకండి! నడక మారేదాకా గుమ్మం దాటనివ్వకండి. ఉపవాసం ఉంచండి.

తల వంచుకున్న తండ్రి,
వాక్యసేవకుడు

తా.క. కోపం కోపమే, తిండి తిండే. పాలిచ్చే తల్లి ఇద్దరి తిండి తినాలి. ఇంకో డబ్బా వెన్న పంపుతున్నాను. ఉపవాసం విడవగానే పెట్టండి.

*

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం డాక్టరమ్మకు చూపించాను. "కరిగేదాకా వదలకండి" అన్న చోట వేలు పెట్టి, "తండ్రంటే ఇలా ఉండాలి" అంది. ఉపవాసం మాత్రం వద్దంటే వద్దంది, బిడ్డకు పాలు తగ్గిపోతాయట. గుమ్మం దాటనివ్వకండి అన్నారు. అది తొందరలో రాసుంటారు. నేను రోజూ దాటిస్తున్నాను.

మీ అల్లుడు ఆఫీసు నుంచి రాగానే నడుం వాలుస్తాడు, వెంట వెళ్ళడు. అందుకని ఎదురింటి డ్రిల్లు మాస్టారు తోడొస్తున్నారు. సాయంత్రం ఆయన గేటు దగ్గర ఈల వేస్తే చాలు, అమ్మాయి పాపను నా ఒళ్ళో పడేసి, చెప్పులైనా సరిగ్గా తొడుక్కోకుండా పరుగు! చీకటి పడేదాకా ఇద్దరూ కాలువ గట్టున తిరుగుతారు. తిరిగొచ్చేటప్పుడు దాని మొహం ఎంత కళకళలాడుతుందో! వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూస్తోంది. మాకెంత సంతోషంగా ఉందో.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క. మీ అల్లుడికి ఏ అభ్యంతరమూ లేదు. పైగా మాస్టారి ఈల పాతదైపోయిందని కొత్తది కొనిచ్చాడు.

*

చెల్లెమ్మా,

"గారు" అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఈలా! అల్లుడే కొనిచ్చాడా! గ్రంథంలో పట్టణాలకు పట్టణాలే కాలిపోయాయి, ఒక్కచోటా మొగుడు ఈల కొనిచ్చినట్టు లేదు!

ఆదివారం ప్రార్థన కూటంలో నా కడుపుమంటంతా కక్కేశాను. పేరు ఎత్తలేదు. "తల్లులారా! మీ కొవ్వు కరగాలి! మీ నడక మారాలి! రేపు కాదు, ఈ పూటే!" అని గుద్దితే బల్ల కాలు విరిగింది. పసిపిల్లల తల్లులు కొందరు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాక్యం తగిలిందనుకున్నాను. నా ఇంటికే తగల్లేదు.

శనివారం బస్సుకు వస్తున్నాను. అమ్మాయిని తీసుకుపోతాను. ఆ మాస్టారిని ఈలతో సహా సిద్ధంగా ఉంచండి.

వాక్యసేవకుడు

తా.క. బస్సులో వెన్న కారిపోకుండా గట్టి మూత డబ్బా కొన్నాను.

*

అన్నయ్యగారూ,

నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వేశాను.

కొవ్వంటే పొగరు కాదండీ, ఒంటి కొవ్వు. నడుం చుట్టూ పట్టేది, నా టేపుకు దొరికేది. నడకంటే కాళ్ళతో నడిచేది. మాస్టారికి మనవళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. ఆయన మోకాళ్ళు సగం దారిలోనే మొరాయిస్తాయి. గట్టు మీద కూర్చుని "ఇంకొంచెం వేగంగా" అని ఈలతో చెబుతారు.

డాక్టరమ్మ భయమేమిటో విడమరిచి రాయకపోవడం నా తప్పే. కడుపుతో ఉండగా బీపీ వచ్చినవాళ్ళకు ముందు ముందు గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువట. కాన్పునాటి బరువు ఒంట్లోనే ఉండిపోతే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందట. "మీ అమ్మకు గుండెజబ్బేమైనా ఉందా?" అని అడిగితే అమ్మాయి పాప దుప్పటి సర్దింది. ఇంటికొచ్చాక చెప్పింది. ప్రతి కాన్పుకూ వదినగారు కొంత ఒళ్ళు చేసేవారట, అందరూ కళొచ్చిందనేవారట. ఒకరోజు బట్టలారేస్తూ తీగ పట్టుకుని అలాగే ఒరిగిపోయారట. "దేవుడు పిలిచాడన్నాడు నాన్న. నన్ను అప్పుడే పిలవకూడదు అత్తయ్యా, పాప ఉంది" అంది.

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తేది అందుకు.

రండి. కానీ దాన్ని తీసుకుపోవద్దు.

మీ చెల్లెలు

తా.క. వెన్న డబ్బాలన్నీ అలమరలో వరసగా ఉన్నాయి. దానికి పెట్టలేను, మీ ప్రేమను పారబోయలేను. వాసన కూడా మొదలైంది.

*

చెల్లెమ్మగారికి,

"గారు" మళ్ళీ రాశాను, చూసుకోండి.

మీ ఉత్తరం చదివి షాపు తలుపు దించేసి లోపల కూర్చున్నాను. ఎవరో తలుపు బాదారు. తీస్తే ఆరోగ్య కేంద్రం నర్సమ్మ. "బోధకుడుగారూ, మేం గొంతు చించుకున్నా కానిది మీరు ఒక్క పూటలో చేశారు!" అంది. నేనేం చేశానమ్మా అన్నాను. ఆదివారం నుంచీ పసిపిల్లల తల్లులంతా పొద్దున్నే మైదానం చుట్టూ నడుస్తున్నారట. ఎవరు చెప్పారంటే, బోధకుడు చెప్పాడుగా, కొవ్వు కరగాలి, నడక మారాలి, ఈ పూటే అని!

చెల్లెమ్మగారూ, నా ప్రసంగం నాకు తప్ప అందరికీ అర్థమైంది.

మీ వదినగారు ఉన్న రోజుల్లో ఈ ప్రసంగం చేసి ఉంటే ఆవిడకూ అర్థమయ్యేది. ఎప్పుడూ ముందు వరుసలోనే కూర్చునేది.

శనివారం వస్తున్నాను, తీసుకుపోవడానికి కాదు. మాస్టారిని మోకాళ్ళకు విశ్రాంతి ఇమ్మనండి. గట్టు మీద అమ్మాయితో నేను నడుస్తాను. ఆ వెన్నంతా నాకిచ్చేయండి, సైకిలు గొలుసులకు రాసుకుంటాను. గట్టి మూత డబ్బాలో చక్రంలో వేసే ఇనుప గుండ్లు పోసి బిగించాను. పాపకు గిలక్కాయ.

పాప తాతయ్య

తా.క. నర్సమ్మ వెళుతూ వెళుతూ నా చేతికీ పట్టీ చుట్టి బీపీ చూసింది. నాకూ కొవ్వెక్కువేనట. ఏ కొవ్వో అడగలేదు.