ఎడమ స్టీరింగు బండిలో కుడి పక్క సీటు

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మా అబ్బాయి, "ఎనభై ఏళ్ళావిడ రేసు కారు కొంటానంటోంది, ఎవరైనా మంచి డాక్టరుకి చూపించాలి" అన్నాడు. ఆ వాక్యంలో తప్పులు మూడు. నాకు డెబ్బయ్యెనిమిది. అది రేసు కారు కాదు, నాకంటే ముప్పయ్యేళ్ళు చిన్నదైన, ఎప్పుడో విదేశం నుంచి దిగుమతై ఇక్కడ చేతులు మారిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు. మూడోది, కొంటానని నేను అనలేదు. కొనాలో వద్దో ఆలోచిస్తున్నానన్నాను. ఆలోచించడం మతి చెడిన లక్షణమే అయితే మన ఇంట్లో ఆ జబ్బు నాకొక్కదానికే ఉంది. ఇక డాక్టరు సంగతి: నేనే డాక్టర్ని.

పై సవరణలకు లోబడి, పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైన నేను, నా స్వార్జితమైన ఈ ఇంటి కింది వాటాలో కూర్చుని, పూర్తి తెలివితో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. స్పృహ అంటే ఏమిటో, ఎంత మోతాదుకి పోతుందో, ఎలా తిరిగొస్తుందో ఈ ఇంట్లో నాకంటే తెలిసినవాళ్ళు లేరు కాబట్టి ఆ విషయంలో నా సాక్ష్యమే చాలు. ఇంతకు ముందు రాసిన వీలునామాలు రెండూ ఇందుమూలంగా రద్దు. మొదటిదాన్ని మా ఆయన దిద్దాడు, రెండోదాన్ని మా అబ్బాయి దిద్దాడు. దీన్ని ఎవరూ దిద్దరు. నేను పోయేదాకా బీరువాలో దాచే ఉద్దేశమూ లేదు. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక నేనే పైకి చదువుతాను. నా తదనంతరం మళ్ళీ ఒకసారి చదువుకోండి, అప్పుడు మధ్యలో ఎవరూ అడ్డు రాకండి.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా కోడలిది. అబ్బాయి నొచ్చుకోనక్కర్లేదు. అతనికి ఏ కాగితమిచ్చినా ముందు అందులో ప్రమాదమెక్కడుందో వెతుకుతాడు. ఆమె ముందు సంతకమెక్కడ పెట్టాలో చూస్తుంది. పనులు జరిగేది అలాంటివాళ్ళ వల్లే.

2. రెండు వాటాల ఈ ఇల్లు, స్థలంతో సహా, నా తదనంతరం నా ఏకైక కుమారుడికి చెందుతుంది. దానవిక్రయాది సర్వహక్కులూ అతనివే. గేటు కుడి స్తంభం మీద నా కారు గీసిన గీత కూడా అతనిదే. ఆ గీత పడిన సాయంత్రం, "కళ్ళు చూపించుకుని వచ్చాక ఇస్తానమ్మా" అని నా కారు తాళాలు తీసుకున్నాడు. చూపించుకున్నాను, బాగున్నాయన్నారు, కాగితం తెచ్చిచ్చాను. "సరే అమ్మా" అన్నాడు. మరుసటి నెలలో కారే అమ్మేశాడు. అప్పటినుంచి పదకొండేళ్ళుగా నేను అతని పెద్ద కారులో వెనక సీటు సామానుని. కాళ్ళు చాపుకోవడానికి చోటు బోలెడు. ఎటు వెళుతున్నామో మాత్రం దిగాకే తెలుస్తుంది.

3. నా గాజులు, రెండు పేటల గొలుసు, గుండీల దుద్దులు కోడలికి. కిటికీ పక్కనున్న పేము కుర్చీ కూడా ఆమెకే. ఆఫీసు నుంచి వచ్చి, పైకి తన వాటాకి వెళ్ళకుండా, ముందు నా గదిలో చెప్పులు విడిచి ఆ కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకుంటుంది. ఇన్నేళ్ళుగా మేమిద్దరం ఆ కాసేపట్లో ఒక్క మాటా మాట్లాడుకోలేదు. అత్తాకోడళ్ళకి అంతకంటే సఖ్యత అక్కర్లేదు. నా తదనంతరం ఆ కుర్చీని పైకి మోయించకండి. అక్కడే ఉండనివ్వండి.

4. నా చెల్లెలికి ముత్యాల దండ తాలూకు మఖమల్ పెట్టె. దండ తన దగ్గరే ఉంది. కూతురి పెళ్ళికి ఒక్క పూట పెట్టుకుంటానని తీసుకెళ్ళింది. ఆ కూతురి కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. పెట్టె లేకుండా దండ పాడవుతుందని నాకు బెంగ.

5. నా వైద్య పుస్తకాలు తూకానికి అమ్మేయండి, ఎవరికీ దానమివ్వకండి. వాటిని చూసి ఈరోజుల్లో ఎవరైనా మత్తిస్తే కేసవుతుంది. మా ఆయన చేతి గడియారం అబ్బాయికి. ఆయన పేరున్న సర్జను. బతికి బయటపడినవాళ్ళు పళ్ళబుట్టలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టేవారు. నిద్రపోయినవాళ్ళకి నిద్రపుచ్చిన మనిషి మొహం గుర్తుండదు. ఆ సంగతి నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే సర్దుకున్నాను. ఆయనే సర్దుకోనివ్వలేదు. ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వూ తిను, మొహమాటపడకు" అనేవాడు.

6. ఇక కారు. ఇది కొంచెం పొడుగు క్లాజు, మంచినీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగండి.

నా మనవరాలు, అంటే మా అబ్బాయి కూతురు, వంతెనలు పరీక్షించే ఇంజినీరు. ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆ బండిని చూసి మనసు పారేసుకుంది. కొనేంత స్తోమత దానికి లేదు. "ఊరికే చూసొద్దాం రా నానమ్మా" అని నన్ను తీసుకెళ్ళింది. నన్ను కొనిపెట్టమని అడగలేదు. ఈ ముక్క దాని తండ్రి రెండుసార్లు వినాలి. అడగలేదు.

పాత కార్ల వ్యాపారి బండి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "పువ్వులా చూసుకున్న బండి మామ్మగారూ" అన్నాడు. నేను బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. జ్వరానికి మాత్ర మింగించి ఆపరేషనుకి తీసుకొచ్చిన రోగుల్ని నేను చాలామందిని చూశాను. చల్లగా ఉన్నప్పుడు ఇంజను పడే అవస్థ మాకు కనబడకుండా ముందే వేడిచేసి పెట్టాడన్నమాట. "తొందరేం లేదు బాబూ, చల్లారనివ్వండి, కూర్చుంటాం" అన్నాను. కూర్చున్నాం. రెండుసార్లు టీ తెప్పించాడు, ఆ తరువాత తెప్పించడం మానేశాడు. చల్లారాక తాళం తిప్పితే బండి దగ్గి, నీలం పొగ వదిలి, అప్పుడు లేచింది. ఈలోగా మనవరాలు ఒక అయస్కాంతాన్ని చేతిరుమాల్లో చుట్టి బండి అంచుల వెంట జరుపుకుంటూ వెళ్ళింది. అంతటా అతుక్కున్నది ఎడమ తలుపు కింద జారిపోయింది. తుప్పు తినేసిన చోట పుట్టీ కూరి రంగేశారు. "పువ్వుకి పుట్టీ కూడా పెడతారాండీ?" అని అడిగింది వ్యాపారిని. నా నోరు దానికొచ్చింది. దాన్ని కూడా ఆస్తి పంపకంలో రాయవలసిందే గానీ, అది ముందే పుచ్చేసుకుంది.

అప్పటికి నా తీర్పు ఒకటే: వద్దు. విడిభాగాలు దొరకవు. దొరికితే ఓడలో రావాలి. సీటు ఎంత కిందకుందంటే నేను కారెక్కలేదు, కారులోకి దిగాను. బయటికి లాగడానికి ఇద్దరు కావలసొచ్చింది. ఆ రెండో మనిషి వ్యాపారే, అందుకే అతన్ని ఆడిపోసుకోవడం ఇక్కడితో ఆపుతున్నాను.

అయినా ఒకసారి నడిపి చూద్దామన్నాం. సీట్లు రెండే కాబట్టి అతను రావడానికి లేదు. పూచీగా నా చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ బండి పుట్టిన దేశంలో రోడ్డుకి కుడి వైపున నడుస్తారట, అందుకని స్టీరింగు ఎడమ పక్కన ఉంది. మనం నడిచేది ఎడమ వైపున. ముందు పెద్ద వాహనం ఉంటే, తోలేవాళ్ళకి దాని వెనక భాగం తప్ప ఇంకేమీ కనబడదు. ఎదురుగా ఏమొస్తోందో కనబడేది కుడి పక్కన కూర్చున్నవాళ్ళకే. ఊరు దాటాక మా ముందొక కంకర లారీ వచ్చింది. దాని వెనకాలే దుమ్ము మింగుతూ కొంత దూరం పోయాక మనవరాలు అడిగింది, "నానమ్మా, దారుందా?" అని. నేను మెడ చాపి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది. "ఉంది, పో" అన్నాను. పోయింది. తనకు కనబడని దారిలోకి, నా మాట పట్టుకుని పోయింది. ఇంకాస్త దూరంలో ఒక ట్రాక్టరు అడ్డొచ్చింది. అక్కడ "ఆగు" అన్నాను. ఎందుకని అడగలేదు, ఆగింది. మలుపులోంచి బస్సు వచ్చి మా పక్కనుంచి వెళ్ళింది.

ఆపరేషన్ థియేటర్లో నేను "ఇక మొదలుపెట్టచ్చు" అనేదాకా ఎంత గొప్ప సర్జనైనా చేతులు పైకెత్తుకుని నిలబడవలసిందే. మా ఆయనతో సహా. థియేటరు దాటాక ఆయన నా మాట విన్న సందర్భం గుర్తు లేదు. రిటైరైనప్పటినుంచి నా మాట మీద ఎవరూ ఏదీ చెయ్యలేదు. అందరూ "సరే అమ్మా" అంటారు. ఈ ఇంట్లో "సరే అమ్మా" అంటే వినలేదని అర్థం. ఆ ట్రాక్టరు వెనక మాత్రం ఎవరూ సరే అనలేదు. బ్రేకు పడింది, అంతే.

కాబట్టి నేను ఆలోచిస్తున్నది కారు కొనడం గురించి కాదని నాకు ఆ రాత్రే తెలిసింది. ఆ సీటు గురించి.

7. మా అబ్బాయి భయం అబద్ధమని నేననను. బీమా కంపెనీలో నుజ్జయిన కార్ల ఫొటోలు చూసి నష్టం కట్టడం అతని ఉద్యోగం. ఆ ఫొటోల్లో ఎక్కడో తన కూతురు కనబడుతుంది అతనికి. తండ్రి అలాగే ఉండాలి. అందుకే ఇంకొకరి కళ్ళుగా కూర్చునే ముందు నా కళ్ళ సంగతి తేల్చుకుందామని, ఎవరికీ చెప్పకుండా టాక్సీలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడి కన్ను బాగుంది, దూరం చక్కగా ఆనుతోంది. ఎడమ కంటికి నడిమధ్యన మసక మొదలైంది. కుడి కంటికి కూడా వస్తుందా అని అడిగితే, నేను రోగులతో మాట్లాడిన గొంతుతోనే మాట్లాడాడు కుర్రాడు. "ఇప్పటికైతే ధీమాగా ఉండండి మేడమ్. రెండు మూడేళ్ళు దాటాక ఎలా ఉంటుందో మాత్రం నేను చెప్పలేను" అన్నాడు. నన్ను జాలిగా చూడలేదు, అందుకు అతనికి నా కృతజ్ఞతలు. మీరూ చూడకండి.

8. పై కారణాల వల్ల, నా స్వార్జితంలోంచి, నా పేరు మీద, ఆ కారు కొనడానికి నిశ్చయించుకున్నాను. నాకు చూపున్నంతకాలం కుడి పక్క సీటు నాది. నాలుగు నెలలకొకసారి కళ్ళు చూపించుకుంటాను, కాగితం కోడలి చేతికిస్తాను. డాక్టరు చాలన్న రోజున, ఎవరూ తాళాలు లాక్కోనక్కర్లేకుండా, నేనే దిగిపోతాను. దిగడానికి సాయం మాత్రం కావాలి. బ్రేకులు, టైర్లు, బెల్టులు కొత్తవి వేశాకే బండి షోరూం దాటుతుంది. వానలో తియ్యం, చీకటి పడ్డాక తియ్యం. ఇవి మా అబ్బాయి అడగబోయే షరతులు, అడగకముందే ఇచ్చేస్తున్నాను.

నా తదనంతరం ఆ కారు, దాని పుట్టీతోనూ పొగతోనూ సహా, నా మనవరాలికి చెందుతుంది. అప్పుడు ఆ సీటులో ఎవరు కూర్చోవాలో రాసే అధికారం నాకు లేదని లాయరుగారన్నారు. కనుక ఇది షరతు కాదు, సలహా. తల్లీ, ఎవరినైనా పెళ్ళిచేసుకోవాలనిపిస్తే ముందు అతన్ని ఆ పక్క కూర్చోబెట్టి లారీల వెనక కొంత దూరం తోలి చూడు. కనబడకపోయినా "పో పో" అనేవాడు ఒక రకం. రోడ్డంతా ఖాళీగా ఉన్నా "ఆగు" అనేవాడు ఇంకో రకం. ఇద్దరూ వద్దు. "నాకు సరిగా కనబడటం లేదు, కాస్త ఆగి చెబుతాను" అన్నవాణ్ణి ఇంటికి తీసుకురా.

9. నేను పోయినప్పుడు ఎవరూ ఉపన్యాసాలివ్వకండి. నిద్రపోయిందని రాయించకండి. నిద్ర వేరు, అది వేరు. ఆ తేడా మీదే ఇన్నేళ్ళు జీతం తీసుకున్నాను.

10. చివరిగా, అబ్బాయికి ఒక చిన్న పని. ఆ కారుకి బయటి అద్దం ఎడమ తలుపుకి మాత్రమే ఉంది. ఆ రోజుల్లో తోలేవాళ్ళ పక్కనే పెట్టేవారట. నా పక్క తలుపుకి కూడా ఒకటి కావాలి, వెనకనుంచి ఏమొస్తోందో చూడకుండా "పో" అనలేను. సోమవారం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు పాత సామాన్ల బజారులో ఆగి, తలుపు అంచుకి మరతో బిగించే గుండ్రటి అద్దం ఒకటి తీసుకురా. రేకుకి రంధ్రాలు పెట్టే రకం వద్దు. గాజు చదునుగా ఉండాలి, ఉబ్బెత్తుదైతే దగ్గరున్న బండి దూరంగా కనిపిస్తుంది. మెకానిక్కుకి ఇవ్వకుండా నువ్వే బిగించు, చిన్నప్పుడు నీ సైకిలుకి బాగానే బిగించుకునేవాడివి. నేను సీటులో కూర్చుంటాను. నువ్వు బయట నిలబడి అద్దాన్ని మెల్లగా తిప్పుతూ "కనిపిస్తోందా అమ్మా" అని అడుగుతుండు. నేను "ఇక చాలు" అన్నాకే మర బిగించు.

రెండువేల ఇరవై అయిదో సంవత్సరం మార్చి పన్నెండు, బుధవారం. నా గదిలో, కిటికీ వెలుతురులో, కళ్ళజోడు పెట్టుకుని చేసిన సంతకం:

(సంతకం) రిటైర్డ్ మత్తు డాక్టరు

ఆవిడ సంతకం మా కళ్ళెదుట చేశారనీ, చేసేటప్పుడు మా ఇద్దరి చేతిరాతనీ వెక్కిరించేంత తెలివిగా ఉన్నారనీ సాక్ష్యమిస్తున్నాం. ఈ వీలునామాలో మాకు ఒక చెంచా కూడా రాయలేదు.

సాక్షులు:
(సంతకం) ఎదురింటి పళ్ళ డాక్టరు
(సంతకం) పెద్దాసుపత్రి థియేటరు హెడ్ నర్సు, రిటైర్డ్