తప్పు పట్టే చెవి కోసం

కటవారియా సరాయ్, ఢిల్లీ.

పెద్దనాన్నగారికి నమస్కారాలు.

పక్షవాతంతో మీ కుడిచెయ్యి లేవడం లేదని హారిక అక్క నిన్న చెప్పింది. మీరు ఇక మాండలిన్ పట్టలేరనుకుంటే కుదురుగా ఉండలేకపోయాను. మన మధ్య నాలుగేళ్ళుగా మాటల్లేకపోయినా రాస్తున్నాను.

సివిల్స్ చదవడానికి వచ్చి, మాండలిన్ మీద అమెరికా కొండపల్లెల పాటలు వాయించడం మీకు నచ్చలేదు. ఫోన్‌లో రెండు నిమిషాలు విని, "పదేళ్ళు వర్ణాలు నేర్పింది ఈ గోలకేనా?" అని పెట్టేశారు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను. మూడోసారీ పరీక్ష పోయాక నెల రోజులు గది దాటి బయటికి రాలేదు. పక్కగదిలో బ్యాంజో వాయించే మిజోరం అమ్మాయి జువాలీ తలుపు కొట్టి, "దీదీ, మేరే సాథ్ బజావో నా" అని, తనతో కలిసి వాయించమని నన్ను లాక్కెళ్ళింది. తను వాయించేది బ్లూగ్రాస్, మీరు గోల అన్న ఆ కొండపల్లెల పాటలే. అందులో మృదంగం ఉండదు, తాళమంతా మాండలినే మోయాలి. మీరు తొడ మీద కొట్టి నేర్పిన తాళమే ఆరోజు నన్ను నిలబెట్టింది.

ఇప్పుడు శనివారాలు గుర్‌గావ్‌లో వాయిస్తున్నాం. నేను తడబడినా జనం చప్పట్లే కొడతారు. "ఆపు, మళ్ళీ వాయించు" అని కసిరేవాళ్ళు లేరు. ఆ కసురు కోసం మొహం వాచి ఉన్నాను.

ఆదివారం బయల్దేరి వస్తున్నాను. ముందు వర్ణం వాయిస్తాను, తరవాత ఆ గోల కూడా వినండి. లోపలికి రానివ్వకపోతే అరుగు మీదే కూర్చుంటాను. తప్పు వినబడితే మాత్రం కేకెయ్యండి.

మీ దగ్గర ఇంకా నేర్చుకోవలసిన,
మీ శిష్యురాలు