రాయి మీద రెండు వాక్యాలు

బడి లైబ్రరీ,
జూన్ 12.

పిన్నికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాళ్లు ఇప్పుడు మెట్లెక్కనిస్తున్నాయి.

ఈ ఉదయం రాయి చెక్కే ఆయన కనురెప్పల మీద తెల్లటి పొడి చూశాను. తుడుచుకోకుండానే ఫలకానికని నేను రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి, ఇన్నాళ్లూ పొగడ్తలే చెక్కాను, ఇదేదో కొత్తగా ఉందమ్మాయ్ అన్నారు.

కోపంతో రాయడం మానేశాననుకోకు. ఏం రాయాలో తెలియలేదు. బడి వేడుకకి రమ్మన్నప్పుడు, ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట, "నా చెయ్యి కట్టేసిన మనిషికి నన్ను చేతులు జోడించమంటావా?" అన్నది, నా చెవుల్లోనే ఉండిపోయింది.

నువ్వు రెండో తరగతి చదివిన గదినే చదువుకునే గదిగా మార్చారు కదా. బడి డెబ్బై అయిదేళ్ల వేడుకకి దానికి, బడి పెట్టిన పెద్ద టీచరమ్మ పేరు పెడుతున్నారు. ఫలకం మీది మాటలు రాసే పని లైబ్రేరియన్నని నాకు అప్పగించారు. మొదట నాలుగు వాక్యాలు రాశాను. నాలుగింటిలోనూ ఆవిడ దేవత. చదువుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. నీ ఎడమచేతిని నీలం రిబ్బనుతో బల్లకి కట్టేసి, కుడిచేత్తో దిద్దించింది ఆవిడే. నిన్ను పై చదువుకి పంపడానికి తాతయ్య ఒప్పుకునేదాకా మన ముందుగదిలో కదలకుండా కూర్చున్నదీ ఆవిడే. రెండూ నువ్వే చెప్పావు. మొదటిది చెప్పేటప్పుడు మణికట్టు రుద్దుకున్నావు. రెండోది చెప్పేటప్పుడు నవ్వావు.

వేడుక కమిటీలో ఆ మాట ఎత్తాను. కాన్వెంటులో హాజరు పలకడానికే జంకేదాన్ని. అధ్యక్షుడు గారు కళ్లజోడు తీసి, సంబరం పూట ఈ తవ్వకాలేంటమ్మా అన్నారు. ఆ కాలంలో అందరూ అంతేనని లెక్కల మాస్టారు సర్దబోయారు. సైన్సు టీచరు మాత్రం, అలాంటి మనిషి పేరే వద్దు, గదికో నంబరు తగిలించండని పట్టుపట్టింది. అవును, నంబరైతే ఏ తప్పూ చెయ్యదని మాస్టారు చురక వేశారు.

అందరూ నావైపు చూశారు. లేచి నిలబడి, "పేరూ ఉండాలి. రిబ్బనూ ఉండాలి" అన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

ఆవిడ పేరు కింద చెక్కుతున్నది ఇదీ:

ఆడపిల్లలకు చదువెందుకన్న రోజుల్లో ఈ బడి తెరిచారు.
ఎడమచేత్తో రాసే పిల్లల చేతులు ఈ గదిలోనే కట్టేశారు.

మధ్యలో 'కానీ' పెట్టమన్నారు. పెట్టలేదు. ఎటు తిప్పి రాసినా ఏదో ఒక వాక్యం చిన్నబోతోంది.

ఇప్పుడు రెండో తరగతిలో ఎడమచేతి పిల్లలు ముగ్గురున్నారు. మోచెయ్యి పక్కవాళ్లకి తగలకుండా టీచరు వాళ్లని బల్ల చివర కూర్చోబెడుతుంది. అంతకు మించి ఏమీ అనదు.

వచ్చే ఆదివారం ఫలకం తెరుస్తారు. నువ్వు ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. వచ్చి చదువు, చాలు. నచ్చకపోతే నాతో పోట్లాడు. మనం ఎదురుగా కూర్చుని పోట్లాడుకుని చాలా కాలమైంది.

నీ
పుస్తకాల పురుగు

తా.క. కమిటీ ఒప్పుకుందని రాశాను గానీ, ఒప్పుకున్నది నా మాట విని కాదు. పెద్ద టీచరమ్మ కుటుంబం నొచ్చుకుంటుందని అధ్యక్షుడు గారు కుదరదనేశారు. అప్పుడు వెనక వరసలోంచి ఆవిడ కూతురు మెల్లగా లేచి, "ఆ అమ్మాయి రాసిందే చెక్కించండి" అన్నారు. ఆ కూతురిదీ ఎడమచేతి వాటమేనట.