రైలు గేటు దాకా

రెడ్ విల్లో ఆదివాసీ రిజర్వు, సస్కాచవాన్, కెనడా
2023 ఫిబ్రవరి 10, శుక్రవారం

పైన్‌గేట్ రైడ్స్ టాక్సీ కంపెనీలో యాభై ఒక్క శాతం యజమాని, నా పెద్ద మనవడు ఎవరెట్‌కు నాయనమ్మ దీవెనలు, నీ కోకమ్ దీవెనలు. అవి మాత్రం నూటికి నూరు శాతం నీవే.

ఇక్కడ అందరం క్షేమం. నీ తమ్ముడు వేటలో మూస్ దుప్పిని కొట్టాడు, మాంసం ఐదిళ్ళకు పంచాం. అక్షరాలు వంకరగా ఉన్నాయని ఆశ్చర్యపోకు. ముప్ఫై ఏళ్ళు బడిపిల్లల చేత గుండ్రంగా రాయించిన మనిషి ఇలా రాస్తుందా అనుకుంటావు. కారణం ఉంది, చివర్లో చెబుతాను.

నువ్వు ఉత్తరంతో పాటు పంపిన పొగాకు అందింది. తిరిగి పంపుతున్నాను. అదే పొట్లంలో ఒక జత చేతి తొడుగులు కూడా ఉన్నాయి. అవి నీకు కావు.

ముందు పొగాకు సంగతి. పెద్దవాళ్ళను ప్రార్థన చేయమని అడగాలంటే పొగాకు పట్టుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని అడగాలి. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. ఇది నీకు ఆరేళ్ళప్పుడే తెలుసు. చిటికెడు పొగాకు గుప్పిట్లో పెట్టుకొచ్చి, "కోకమ్, నా పన్ను నొప్పి లేకుండా ఊడాలని ప్రార్థన చెయ్యవా" అని అడిగినవాడివి. ఇప్పుడు కొరియర్‌లో పంపావు. దానికి నీ భాగస్వామి క్రెయిగ్ విజిటింగ్ కార్డు పిన్ను కొట్టి ఉంది. కొరియర్ మనిషి రైలు గేటు దాటి రిజర్వు లోపలికి రాడు కనుక గేటు దగ్గర పెట్రోలు బంకులో పడేసి పోయాడు. మూడు రోజులు నీ కోరిక ఇంజను ఆయిలు డబ్బాల పక్కన కూర్చుంది.

నీకేం కావాలో అర్థమైంది. మన రోగులను పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళే పని ఎవరికివ్వాలో వచ్చే గురువారం మన బ్యాండ్ కౌన్సిల్ పెద్దలు ఓటేసి తేలుస్తారు. ఓటుకు ముందు నేను లేచి నీ కార్లకు ప్రార్థన చెయ్యాలి, ఫోటోలవాళ్ళు ఫోటోలు తియ్యాలి. చీఫ్ లోర్నా నాతో దాపరికం లేకుండానే అంది: "కోకమ్, మీరు లేచి నిలబడితే మేం చేతులెత్తుతాం. మీరు కూర్చుంటే మేమూ కూర్చుంటాం."

నీ ఉత్తరంలో భాగస్వామ్యం అనే మాట తొమ్మిదిసార్లు ఉంది. లెక్క చూసుకోవడం నా అలవాటు కనుక ఇదీ చూశాను. కార్లు క్రెయిగ్‌వి. బ్యాంకు ఖాతా మీద సంతకం క్రెయిగ్‌ది. ఫోన్లెత్తే ఆఫీసు క్రెయిగ్‌ది. నీది ఒక పేరు, జేబులో ఆదివాసివని ప్రభుత్వం ఇచ్చిన ఒక స్టేటస్ కార్డు. సగానికి మించి మనవాళ్ళ చేతిలో ఉన్న కంపెనీకి ప్రభుత్వం పని ముందుగా ఇస్తుంది కనుక ఆయనకు నీలాంటివాడు ఒకడు కావలసి వచ్చాడు. కార్ల తలుపుల మీద గద్ద ఈక బొమ్మ చూశాను. గీసినవాడు కోడిని తప్ప మరో పక్షిని చూసినట్టు లేదు.

క్రిస్మస్‌కు వచ్చినప్పుడు, ఆ కంపెనీలో నీ పనేమిట్రా అని అడిగాను. "విజన్ చూసుకుంటాను కోకమ్" అన్నావు. నీ బాబాయి విల్ఫ్రెడ్‌కు టీ ముక్కులోంచి వచ్చింది. "మా తాతల కాలంలో విజన్ దర్శనమివ్వాలంటే నాలుగు రోజులు అడవిలో పస్తుండేవాళ్ళురా. నీకు జీతమిచ్చి మరీ చూపిస్తున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నాకు నవ్వు రాలేదు.

ఇక జనవరి ఇరవై నాలుగున జరిగింది. నీకు తెలిసిందే అనుకుంటావు, అయినా విను. మన రిజర్వు ముసలామె ఒకామె పట్నంలో కంటి పరీక్ష చేయించుకుని, నీ కంపెనీ కారెక్కింది. చుక్కల మందు వేశారు కనుక చూపు మసక. పేరు మిసెస్ బాలంటైన్ అని చెప్పింది. రైలు గేటు దగ్గర కారు ఆగింది.

"అమ్మా, ఇక్కడ దిగాలి. ఫోనులో దారి ఇంతే" అన్నాడు డ్రైవరు.

"దారి ఎక్కడికి పోతుంది నాయనా, అదిగో ఎదురుగానే ఉంది" అంది ఆమె.

"నాకూ కనబడుతోందమ్మా. గేటు దాటితే బీమా లేదంటుంది కంపెనీ. దాటినవాణ్ణి పనిలోంచి తీసేస్తారు. ఇంట్లో నలుగురు పిల్లలు."

ఫోను తిప్పి అందులో మ్యాపు చూపించాడు. గేటు అవతల అంతా బూడిద రంగు. ఇల్లు లేదు, బడి లేదు, వాగు లేదు. ఆరు వందల మందిమి బతుకుతున్న చోటు అది. ఆమె దిగింది. ఆ రోజు మైనస్ ముప్ఫై నాలుగు. ఇల్లు నాలుగు కిలోమీటర్లు. సగం దారిలో మంచు తోడే బండివాడు చూసి ఎక్కించుకున్నాడు.

పట్నం పత్రికలో వార్త వచ్చింది. దాని కింద నీ కంపెనీ జవాబు: "వృద్ధ ప్రయాణికురాలు దారి సరిగా చెప్పలేకపోవడం వల్ల జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం." కింద నీ సంతకం. ఆ వాక్యం నీది కాదని నాకు తెలుసు. నీ వాక్యాలు దిద్దినదాన్ని. కాని సంతకం నీదే.

క్రెయిగ్ మీద నాకు కోపం లేదు. గేటు అవతల ఏముందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నీకు తెలుసు. ఆ పట్టాల పక్కనే నీకు సైకిలు నేర్పాం. మన ఇంటిని బూడిద చేసిన బొమ్మ కింద సంతకం పెట్టడానికి క్రెయిగ్‌కు మనవాడే ఒకడు దొరికాడు, అదీ చవగ్గా.

గురువారం నేను కూర్చునే ఉంటాను. నేను లేవాలంటే నీ కార్లు గేటు దాటాలి, ప్రతి ఇంటి గుమ్మం దాకా రావాలి, అది కాగితం మీద పడాలి. ఆ తరువాత పొగాకు నీ చేత్తో పట్టుకురా. కార్డు వద్దు.

నీ కోకమ్,
బియాట్రిస్ హాల్కెట్

తా.క. తొడుగులు ఆ డ్రైవరువి. పేరు టెస్ఫాయే. ఆసుపత్రిలో కారు ఎక్కువసేపు ఆగదని తొందరపెడితే ముసలామె తన తొడుగులు అక్కడే మరిచిపోయింది. అతను తన చేతులకున్నవి తీసి ఇచ్చాడు. పలచటివే, కాని అవి లేకపోతే వేళ్ళు ఉండేవి కావని నర్సు చెప్పింది. నువ్వు యాభై ఒక్క శాతం కనుక అతన్ని వెతికి పట్టుకోగలవు. ఇచ్చెయ్యి.

బాలంటైన్ నా పుట్టింటి పేరు. హాల్కెట్ అని చెబితే నీ ముఖం చూసి ఇంటిదాకా తెస్తారేమో. ఆఫీసులో మనవడు లేనివాళ్ళను ఎక్కడ దింపుతారో చూద్దామనుకున్నాను. చూశాను. నీకు చెప్పొద్దని విల్ఫ్రెడ్ దగ్గర మాట తీసుకున్నాను. నువ్వూ క్రిస్మస్ తరువాత ఫోను చెయ్యలేదు.

కుడిచేతి వేళ్ళకు ఇంకా కట్టు ఉంది. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాశాను. మిషన్ బడిలో సిస్టర్లు స్కేలుతో కొట్టి రాయడం మాన్పించిన చెయ్యి అది. అక్షరాలు దానికింకా గుర్తున్నాయి.

దారి చెప్పలేనని రాశావు. రాసుకో. గేటు దాటి నాలుగు కిలోమీటర్లు, బడి తరువాత కుడివైపు మూడో ఇల్లు. నీలం తలుపు.